వెర్సైల్స్ పేటలో మన శనివారాలు

ఈసారి సావనీర్‌కి మన గుడి గురించి కాకుండా పొరుగువాళ్ల సంస్థ గురించి రాయమన్నారు సంపాదకులు. న్యూ ఆర్లీన్స్ తూర్పు కొసన వెర్సైల్స్ పేట, అక్కడి మేరీ క్వీన్ ఆఫ్ వియత్నాం చర్చి, ఆ చర్చి అండన 2006లో పుట్టిన అభివృద్ధి సంస్థ. మనం ‘సీడీసీ’ అనేవాళ్లం.

ఆ పేట పెద్దలు చాలామంది 1954లో ఉత్తర వియత్నాం వదిలి దక్షిణానికి వెళ్లారు. 1975లో సైగాన్ పడిపోయాక ఇక్కడికొచ్చారు. 2005లో కత్రీనా తుపాను మళ్లీ లేవగొట్టింది. నగరం వాళ్లని వెనక్కి రానిస్తుందో లేదో తేల్చకముందే, అక్టోబరులోనే వచ్చి చర్చిలో ప్రార్థనకి కూర్చున్నారు. కరెంటు కోసం ఆ చర్చి ఫాదర్ వియెన్ ఇంటింటి సంతకాలు పోగుచేసి కంపెనీ ముందు పెట్టారు. 2006లో మేయర్ రే నేగిన్ అత్యవసర ఉత్తర్వుతో తుపాను చెత్తకి పేట పక్కనే డంపు తెరిపిస్తే, ఎన్నడూ గొంతెత్తని ముసలమ్మలు అట్టలు పట్టుకుని రోడ్డెక్కారు. ఆ ఆగస్టుకల్లా డంపు మూతపడింది. ఆ పోరాటం నడిచిన రోజుల్లో పుట్టిన సంస్థే ఇది.

ఆ పేటకి మన సంఘం సాయం బియ్యం బస్తాలతో మొదలైంది. ఆ ఏడాది ఫొటోల్లో వేరే సంఘం బ్యానరు కనిపిస్తుంది. బస్తాలు మోసిందెవరో మోసినవాళ్లకి తెలుసు.

అసలు పని పడింది 2010లో, బీపీ చమురు బావి పేలాక. మెక్సికో గల్ఫ్‌లో చేపల వేట మీద బతికేవాళ్లలో మూడోవంతు వియత్నాం వాళ్లేనంటారు. సముద్రం మూసేశారు, నష్టపరిహారం కాగితాలేమో ఇంగ్లీషులో. వేటంతా రొక్కం బేరం, రసీదులెక్కడివి? ఇంటికి ఉంచుకున్న చేప, పక్కింటికి పంచిన రొయ్య ఏ గడిలో రాయాలి? శనివారాల్లో వాళ్ల కుర్రాళ్లు భాష చూస్తే మనవాళ్లు లెక్కలు చూసేవారు. మన సీపీఏ బాబాయిగారు, బేటన్‌రూజ్ డాక్టరుగారి దంపతులు, కాఫీ పంపిన మోటెల్ బావగారు, పిల్లల్ని ఆడించిన అక్కలు, ప్రింటరు అరువిచ్చిన తమ్ముడు లేకపోతే ఆ శనివారాలు లేవు. పేరు జారిపోయినవాళ్లు కోప్పడకండి. పడవ కట్టేసినవాళ్లు కొందరు సీడీసీ అండతో కూరగాయల సహకార సంఘం పెట్టుకున్నారు. దాని పేరు వెజ్జీ.

మన సభల్లో ఎవరూ ఎత్తని సంగతొకటుంది. చమురు రాకముందే వాళ్ల రొయ్యకి రేవులో ధర లేదు, చెరువుల్లో పెంచిన దిగుమతి రొయ్య చవక కాబట్టి. 2005లో అమెరికా యాంటీ డంపింగ్ సుంకం వేసిన దేశాల్లో ఇండియా ఉంది, వియత్నామూ ఉంది. ఇక్కడి జాలరికి పోటీ వియత్నాంలోని కా మావ్‌లో సొంత బంధువు చెరువే కావచ్చు. 2024లో అమెరికా రొయ్యల దిగుమతుల్లో మొదటి స్థానం ఇండియాది, అందులో పెద్ద వాటా ఆంధ్రది. భీమవరం, కైకలూరు వైపు చెరువులున్న సభ్యులు మనలో తక్కువేం కాదు. 2025 ఆగస్టులో ఇండియా సరుకు మీద సుంకం 50 శాతానికి చేరినప్పుడు మన వాట్సాప్‌లో గగ్గోలు పుట్టింది, రేవులో మాత్రం సంతోషించారు. నువ్వెవరి పక్షమని నన్నడిగారు. మేత అప్పులో రైతు, డీజిల్ అప్పులో జాలరి, ధర మాత్రం ఇద్దరి చేతుల్లోనూ లేదు. నా లెక్కలో ఇద్దరూ ఒకే పక్షం.

సీడీసీ తర్వాతి ఏళ్ల గురించి కొత్త కమిటీవాళ్లు రాస్తే బాగుంటుంది. చదువుకున్న ఆ పేట పిల్లలు హ్యూస్టన్ వెళ్లిపోతున్నారు, పెద్దలు మిగులుతున్నారు. ఆ మాటకొస్తే మన ఇళ్లలోనూ అంతే.

మన కాగితాల శనివారం ఆగిపోయి చాలాకాలమైంది. ఆ పెద్దలకి మెడికేర్, పన్ను ఫారాలు నింపిపెట్టేవాళ్లు ఇప్పటికీ కావాలి. లెక్కలొచ్చిన కుర్రాళ్లు ఉగాది సభలో మన కార్యదర్శిగారికి పేరివ్వండి. వియత్నాం భాష రానక్కర్లేదు.