ఏడాదికి 13 రీచార్జీలు

పింఛను డబ్బుల్లోంచి ఫోన్ నడుపుకునే పెద్దవారికి ఏ ప్లాన్ సరిపోతుంది? తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్లలో ఎవరికి వారు వేసుకోవాల్సిన లెక్క ఇది.

ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను 2024 జులై 1 నుంచి నెలకు రూ.4,000. ఒకటో తారీఖున ఇంటి గుమ్మం దగ్గరే చేతికందుతుంది. మందులు, పాలు, కిరాణా, కరెంటు బిల్లు పోగా అందులోంచే ఫోన్‌కీ కొంత తీయాలి. రోజుకు 1.5 జీబీ డేటా ఇచ్చే రూ.299 ప్లాన్ గడువు 28 రోజులు. నెలకొకసారే కదా అనుకుంటాం గానీ, 28 రోజుల లెక్కన ఏడాదికి 13 సార్లు వేయించాలి. పదమూడు సార్లకు రూ.3,887 అవుతుంది. పన్నెండు నెలల పింఛనులో ఇంచుమించు ఒక నెలది పూర్తిగా ఫోన్‌కే వెళ్లిపోతోందన్నమాట. చేతిలో ఉన్నది బటన్ ఫోనైతే, ఆ 28 రోజులకు ఇచ్చిన 42 జీబీల్లో ఒక్క జీబీ కూడా ఖర్చు కాదు. వాడని సరుక్కి ఏటా ఒక నెల పింఛను ధారపోయడం ఏ రకంగానూ న్యాయం కాదు. పెద్దవారికి ప్లాన్ ఎంచేటప్పుడు ‘ఎన్ని జీబీలు ఇస్తారు’ అనే ప్రశ్నను పక్కన పెట్టి, ‘ఎన్ని రోజులు నడుస్తుంది, రోజుకు ఎంత పడుతుంది’ అని అడగాలి. సగం డబ్బు అక్కడే మిగులుతుంది.

ఈ లెక్క ఈ ప్రాంతానికి మరీ అవసరం. 2021 నాటికి ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు 12.4 శాతమని కేంద్ర గణాంక శాఖ ‘ఎల్డర్లీ ఇన్ ఇండియా’ నివేదిక చెబుతోంది. దేశం మొత్తం మీద అది 10.1 శాతమే. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో స్థిరపడి, ఊళ్లో తల్లిదండ్రులు మాత్రమే మిగిలిన ఇళ్లు తెనాలి చుట్టుపక్కల ప్రతి వీధిలోనూ ఉన్నాయి. పైగా ఇది సముద్రానికీ కృష్ణకూ మధ్య నేల. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద దిగువకు వచ్చినప్పుడు కొల్లూరు, రేపల్లె వైపు లంక గ్రామాలు నీట మునిగాయి. అలాంటి రాత్రి ‘అమ్మా, ఎలా ఉన్నారు’ అని కొడుకు ఫోన్ చేసే సమయానికి గడువు ముగిసి ఇన్‌కమింగ్ ఆగిపోయి ఉంటే, ఎన్ని జీబీలు మిగిలి ఉండి ఏం లాభం? బ్యాంకు మెసేజీ, ఆధార్ ఓటీపీ, ఆసుపత్రి నుంచి వచ్చే కబురు అన్నీ ఆ నంబరుకే వస్తాయి. పెద్దవారికి ఫోన్‌తో మొదటి అవసరం లైను ఏడాది పొడవునా తెగకుండా ఉండటం.

లైను నిలుపుకునే ధర

లైను తెగకుండా ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు ఎలా పెరిగిందో చూడండి. ఒకప్పుడు లైఫ్‌టైమ్ సిమ్ తీసుకుంటే, బ్యాలెన్స్ లేకపోయినా ఇన్‌కమింగ్ వచ్చేది. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, నెలకు కనీసం రూ.35 వేయించాలన్న షరతు పెట్టాయి. ఆ కనీస మొత్తం అంచెలంచెలుగా పెరిగి, 2024 జులై పెంపు తర్వాత ఎయిర్‌టెల్‌లో 28 రోజులకు రూ.199కి చేరింది. ఆరేళ్లలో ఐదు రెట్లకు పైమాటే. ఈ రూ.199లో అన్‌లిమిటెడ్ కాల్స్, 2 జీబీ డేటా ఉన్న మాట నిజం. కానీ పిల్లల ఫోన్ కోసం ఎదురుచూడటమే తప్ప తాము పెద్దగా కాల్ చేయని పెద్దవారికి ఆ అదనపు సదుపాయాలు ఎందుకు? వారికి కావలసింది పాత రూ.35 ప్లాన్‌లోనే ఉండేది. అది బజారులో లేకుండా పోయింది.

ఈ ఇబ్బందిని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గుర్తించింది. 2024 డిసెంబరు 23న వినియోగదారుల రక్షణ నిబంధనలను సవరిస్తూ, ప్రతి కంపెనీ కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పరిమితమైన వోచరు కనీసం ఒకటి ఇవ్వాలని ఆదేశించింది. ఇలాంటి వోచర్ల గరిష్ఠ గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. డేటా వాడని వృద్ధులు, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారు, దేశంలో ఇంకా 2జీ మీదే ఉన్న దాదాపు 15 కోట్ల మంది చందాదారులు ఈ ఆదేశం వెనకున్న కారణాలు. 2025 జనవరిలో కంపెనీలు ఆ ప్లాన్లు తెచ్చాయి. మొదట ఎయిర్‌టెల్ చేసిన పని గమనించదగినది. 24 జీబీ డేటాతో రూ.1,999 ఉన్న ఏడాది ప్లాన్‌లోంచి డేటా మొత్తం తీసేసి, ధర రూ.40 మాత్రమే తగ్గించింది. కొత్త ధరలను పరిశీలిస్తామని ట్రాయ్ ప్రకటించాక, కొద్ది రోజుల్లోనే అది రూ.1,849కి దిగింది. నియంత్రణ సంస్థ కన్నేసి ఉంచితేనే ధర దిగుతుందనడానికి ఇదే రుజువు.

ఆ సవరించిన ధరలతో రోజు లెక్క వేద్దాం. ఎయిర్‌టెల్‌లో కాల్స్ మాత్రమే ఉన్న రూ.1,849 ప్లాన్ 365 రోజులు నడుస్తుంది, రోజుకు ఐదు రూపాయల పైచిలుకు పడుతుంది. రూ.469 ప్లాన్ 84 రోజులు, రోజుకు రూ.5.58. జియోలో రూ.1,748కి 336 రోజులు, రూ.448కి 84 రోజులు. ఇవీ రోజుకు ఐదు రూపాయల చిల్లరే. రూ.299 ప్లాన్‌కి రోజుకు రూ.10.68 పడుతుంది. అంటే బటన్ ఫోన్ వాడే పెద్దాయన రూ.299 నుంచి ఏడాది కాల్స్ ప్లాన్‌కి మారితే ఏటా రెండు వేల రూపాయలు మిగులుతాయి. అది సగం నెల పింఛను. ఇంత తేడా ఉన్నా చాలామందికి ఈ ప్లాన్ల సంగతే తెలియదు. ఏ సెల్ షాపు ముందైనా కాసేపు నిలబడితే వినిపించే మాటలు ఇవి: ‘ఎంతది వెయ్యమంటారు, మామ్మగారూ?’ ‘ఎప్పుడూ వేసేదే వెయ్యి బాబూ.’ ఆ ‘ఎప్పుడూ వేసేది’ ఎన్నేళ్ల కిందట, ఎవరు, ఎవరి అవసరం చూసి మొదలుపెట్టారో ఎవరికీ గుర్తుండదు. యాప్‌లో చూసినా తెర మీద ముందు కనిపించేవి రోజువారీ డేటా ప్లాన్లే. కాల్స్ ప్లాన్ కోసం వెతుక్కుంటూ కిందికి వెళ్లాలి.

అభ్యంతరాలకు జవాబు

ఈ వాదనకు మొదటి అభ్యంతరం బలమైనదే. పెద్దవాళ్లంటే బటన్ ఫోనేనా, వాళ్లు మాత్రం వీడియో కాల్‌లో మనవరాలి ముఖం చూడకూడదా, ప్రవచనం వినకూడదా? తప్పకుండా చూడాలి, వినాలి. డేటా వద్దనడం కాదు, అవసరమైనంత కొనమనడమే ఇక్కడి మాట. వాట్సాప్ వాయిస్ కాల్‌కి నిమిషానికి సుమారు ఒక ఎంబీ, వీడియో కాల్‌కి సుమారు ఐదు ఎంబీలు ఖర్చవుతాయనుకుందాం. ఆ లెక్కన రూ.199 ప్లాన్‌లోని 2 జీబీలతో 28 రోజుల్లో దాదాపు 400 నిమిషాల వీడియో కాల్ మాట్లాడవచ్చు. అమెరికాలో ఉన్న కొడుకు వారానికి మూడుసార్లు అరగంట చొప్పున పిలిచినా సరిపోతుంది. ఇంట్లో వైఫై ఉంటే ఆ డేటా కూడా అక్కర్లేదు, కాల్స్ ప్లాన్ చాలు. ఇంట్లో వైఫై లేకుండా, రోజూ గంటల తరబడి యూట్యూబ్ చూసేవారికి మాత్రమే రోజువారీ డేటా ప్లాన్ న్యాయమైన ఖర్చు. కాల్స్ ప్లాన్ మీద అప్పుడప్పుడూ చిన్న డేటా ప్యాక్ వేసుకునే వీలుందో లేదో కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

రెండో అభ్యంతరం పేదరికానిది. నాలుగు వేల పింఛనులోంచి ఒక్కసారిగా రూ.1,849 తీయగలరా? తీయలేరు, తీయమనడం కూడా తప్పు. పెద్ద మొత్తం ఒకేసారి కట్టగలిగినవాడికే చవక ధర దొరకడం పేదవాడికి ఎప్పుడూ జరిగే అన్యాయమే. అందుకు దగ్గరి మందు 84 రోజుల ప్లాన్. రోజు ఖర్చు ఏడాది ప్లాన్‌తో దాదాపు సమానం. నెలకు రూ.170 పక్కన పెడితే మూడో నెలకు డబ్బు సిద్ధంగా ఉంటుంది. దూరాన ఉన్న పిల్లలు పండక్కి చీర, పంచె తెచ్చినట్టే ఏడాదికొకసారి ఈ రీచార్జి చేయిస్తే ఇంకా మంచిది. జియో భారత్ ఫోన్ ఉన్నవారికి 28 రోజుల రూ.123 ప్లాన్ మరో దారి. ఏడాదికి సుమారు రూ.1,600తో సరిపోతుంది. కానీ అది ఆ ఫోన్‌లోనే, ఆ నెట్‌వర్క్ మీదే పనిచేస్తుందని ముందే తెలిసి ఉండాలి. జియోకి 2జీ నెట్‌వర్క్ లేదు కాబట్టి పాత బటన్ ఫోన్‌లో ఆ సిమ్ పనికిరాదు. సిమ్ ధర చూసి మారితే ఫోన్ కూడా కొనాల్సి వస్తుంది.

మూడోది సిగ్నల్ గురించి. ఏడాదికి కట్టేశాక ఇంట్లో సిగ్నల్ లేకపోతే ఎలా? ఈ భయం సహేతుకమైనదే. తెనాలి బోస్ రోడ్డులో నిండుగా ఉండే సిగ్నల్ నిజాంపట్నం వైపు ఊళ్లోనో, కృష్ణ గట్టు కింద ఇంట్లోనో అలాగే ఉండాలని లేదు. పక్కింటివారు ఏ సిమ్ వాడుతున్నారో అడిగి, ఇంటి నడిమి గదిలో నిలబడి మాట్లాడి చూసి, మొదట 84 రోజులకే తీసుకుని పరీక్షించడం మంచిది. సిగ్నల్ ఉన్నచోట బీఎస్‌ఎన్‌ఎల్‌నూ పరిశీలించవచ్చు, అది 2024లో ధరలు పెంచలేదు. 2025 సెప్టెంబరు 27న దాని స్వదేశీ 4జీ దేశమంతటా ప్రారంభమైంది. ఆ దీపావళి రోజుల్లో 60 ఏళ్లు దాటిన కొత్త చందాదారులకు రూ.1,812కి ఏడాది గడువు, రోజుకు 2 జీబీ డేటాతో ‘సమ్మాన్’ ప్లాన్ కూడా ఇచ్చింది. కొద్ది రోజుల ఆఫరే అయినా వయసును లెక్కలోకి తీసుకున్న ప్లాన్ సాధ్యమేనని అది చూపించింది. కంపెనీ మారాలంటే నంబరు పోగొట్టుకోనక్కర్లేదు. ఇంగ్లిషులో పోర్ట్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, పదంకెల నంబరు రాసి 1900కి మెసేజి పంపితే కోడ్ వస్తుంది. మన రాష్ట్రంలో అది నాలుగు రోజులు చెల్లుతుంది. అయితే పాత సిమ్‌లో మిగిలిన బ్యాలెన్స్, గడువు కొత్త కంపెనీకి రావు. అందుకే మారేది గడువు ముగిసే రోజుల్లో అయితే నష్టం ఉండదు.

నాలుగో అభ్యంతరం కంపెనీలది. మన దేశంలో డేటా ప్రపంచంలోకెల్లా చవక, ఇంకేం తగ్గించాలి అంటారు. డేటా చవకే కావచ్చు. డేటా వాడనివారికి ఆ చవక ఏ విధంగా ఉపయోగం? వారికి పడేది కనీస రీచార్జి భారం, అది మాత్రం పెరుగుతూనే ఉంది. ఇతర దేశాలు ఈ తేడాను గుర్తించాయి. దక్షిణ కొరియాలో 65 ఏళ్లు దాటి బేసిక్ పెన్షన్ అందుకునేవారికి 2018 జులై నుంచి ఫోన్ బిల్లులో నెలకు 11,000 వాన్ల దాకా తగ్గిస్తున్నారు. అమెరికాలో తక్కువ ఆదాయం వారికి ఫోన్ బిల్లులో సాయమిచ్చే లైఫ్‌లైన్ పథకం 1985 నుంచి ఉంది. మన దగ్గరా టెలికాం కంపెనీల ఆదాయంలోంచి 5 శాతం సార్వత్రిక సేవల కోసం వసూలవుతోంది, డిజిటల్ భారత్ నిధి ఉన్నది అందుకే. పింఛనుదారుల జాబితా ప్రభుత్వం దగ్గర సిద్ధంగా ఉంది. ఆ నిధిలోంచి, ఆ జాబితాలోని వారికి నెలకు కొద్దిపాటి మొత్తంతో ఇన్‌కమింగ్, పరిమిత కాల్స్ ఇచ్చే ప్లాన్ పెట్టడం అసాధ్యమేమీ కాదు. పింఛను ఇంటికి తెచ్చి ఇవ్వగలిగిన వ్యవస్థకు ఇది పెద్ద పనీ కాదు.

ఈ వారం చేయాల్సిన పని

ప్రభుత్వం ఆ పని చేసేదాకా ఇంటివాళ్లు చేయగలిగింది ఒకటుంది. అమ్మ ఫోనో, నాన్న ఫోనో చేతిలోకి తీసుకుని గడిచిన నెలలో డేటా ఎంత వాడారో చూడండి. వాడకం లేకపోతే షాపులో స్పష్టంగా ‘డేటా లేని, కాల్స్ మాత్రమే ఉన్న ప్లాన్’ అని అడగండి. ఒక్కో ప్లాన్ ధరను రోజులతో భాగించి చూడండి. ధరలు మారుతుంటాయి కాబట్టి ప్రతిసారీ ఈ భాగహారం చేయాలి. తెలియకుండా కాలర్ ట్యూన్లు, ఇతర సేవల పేరుతో డబ్బు కోతపడుతుంటే 155223కి ఫోన్ చేసి ఆపించండి, కంపెనీ మీద ఫిర్యాదుకు 198 ఉంది. చివరగా గడువు తేదీ చూసి, దానికి మూడు రోజుల ముందు తేదీ చుట్టూ గోడ మీది క్యాలెండర్‌లో పెన్నుతో సున్నా చుట్టండి. ఆ ఫోన్ మోగడం ఆగిపోకుండా చూసే బాధ్యత ఆ రోజు నుంచి మీది.