ట్రాక్టర్ తెలిసినోనికి ట్యాంకు కష్టమా?

ఓర్వకల్లు పక్కన డీఆర్‌డీవో వాళ్ల పరీక్షల మైదానం ఉండాదని గడివేముల పిల్లోళ్లకు నేను చెప్పబన్లేదు. 2025 ఏప్రిల్‌లో ఆడ లేజర్‌తో డ్రోన్‌ను కూల్చినారు. అదే ఏడాది జులైలో డ్రోన్ మీద నుంచి క్షిపణి వదిలినారు. మన ఫోన్లన్నీ ఆ వీడియోలతో నిండిపాయ. చూసినాం, షేర్ కొట్టినాం, జెండా బొమ్మ పెట్టినాం, పక్క రీల్‌కు పోయినాం. ఆ డ్రోన్ రెక్క ఎంత పొడుగుంటాది, క్షిపణిని దాని కడుపు కింద ఎట్ల తగిలిస్తారు, దాన్ని యాడ కూచొని నడిపిస్తారు అని అడిగినోడు నాకు ఇంతవరకు తగల్లేదు. మంట చూసినాం గానీ యంత్రాన్ని చూడలేదు.

యంత్రాన్ని చూడడం నేర్పే పని ఒకటి ఉండాది. ప్లాస్టిక్ కిట్టు తెచ్చుకొని విమానమో, ట్యాంకో, సైనిక బండో అసలుదాని లెక్క ప్రకారం చిన్నగా కట్టడం. "అది హైదరాబాద్‌లో డబ్బున్నోళ్ల పిల్లలు ఆడుకునేది గదన్నా" అని ఒక తమ్ముడు నా మొహం మీదే అన్నాడు. డబ్బు మాట నిజమే, దాని సంగతి తర్వాత మాట్లాడతా. ఆట అనే మాట మాత్రం నేను ఒప్పుకోను.

1942లో, యుద్ధం జోరుగా ఉన్నప్పుడు, అమెరికా నౌకాదళం బడి పిల్లోళ్లకు ఒక పని అప్పజెప్పింది. కట్టెతో ఐదు లక్షల చిన్న విమానాలు చేసియ్యమని. అన్నీ 1/72 కొలతలో, అన్నిటికీ నల్ల రంగు. ఆకాశంలో పోయే విమానం నీడ చూసి మనదా, పగోనిదా అని సిపాయి గుర్తుపట్టాల గదా, దానికోసం. అంటే ఈ పని పుట్టింది ఒకపక్క ఆటలోనే అయినా ఇంకోపక్క ప్రాణాల లెక్కలో ఉండాది.

ఇంగ మన పక్క కత చెప్తా వినండి. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీ. ప్లాస్టిక్ విమానం కిట్టు అంటే ప్రపంచంలో చానామందికి ముందు నోట్లోకొచ్చే పేరు. ఆ కంపెనీ చేసిన మొదటి నమూనా ఏదనుకుంటాండారు? ట్రాక్టర్! 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ కంపెనీ తన అమ్మకందార్ల కోసం చేతిలో పట్టేంత ట్రాక్టర్ చేసియ్యమని అడిగితే చేసినారు. అతికించి అమ్మేదానికి ఖర్చు ఎక్కువవుతాంటే, తర్వాత విడి ముక్కలుగానే అమ్మినారు. మన చేన్లలో తిరిగే మాస్సీ ఫెర్గూసన్ పేరులో సగం ఆ ఫెర్గూసన్‌దే. కాబట్టి ఈ పని మనకు పరాయిది అని ఎవడన్నా అంటే ఈ సంగతి చెప్పండి.

కొలత దగ్గరికి వస్తాం. 1/35 అంటే అసలు బండిలో ముప్పై ఐదో వంతు. మనిషి ఐదున్నర అడుగులుంటే నమూనాలో సిపాయి ఐదు సెంటీమీటర్లకు రొంత తక్కువ. 1/72లో రెండున్నర సెంటీమీటర్లు కూడా రాడు, మన వేలి గోరు పక్కన నిలబెట్టొచ్చు. పెద్ద నమూనాలు అంటే విమానాల్లో 1/32, 1/24, ట్యాంకుల్లో 1/16. ఈ 1/35 యాడ్నుంచి వచ్చిందో తెలుసా? జపాన్‌లో షిజువోకా అనే ఊర్లో 1946లో కట్టెల మిల్లుగా మొదలైన టామియా కంపెనీ, 1961లో పాంథర్ ట్యాంకు కిట్టు చేసింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాల గదా, అవి పట్టేంత సైజు పెట్టినారు. తర్వాత లెక్కేసుకుంటే ముప్పై ఐదో వంతు దగ్గరికి వచ్చింది. అంతే. ఇప్పుడు ప్రపంచమంతా ట్యాంకులకు అదే కొలత.

కొలతంటే భయపడొద్దు. సర్వేయర్ తెచ్చే ఎఫ్‌ఎంబీ కాయితంలో మన మూడెకరాల చేను అరచేతంత ఉంటాది, అయినా గట్టు వంకర గట్టు వంకరే. ఆళ్లగడ్డకు పోయి రోడ్డు పక్కన శిల్పులను అడగండి. మొగం పొడుగు ఒక తాళం అనుకుంటే దేవుని విగ్రహం నిలువు తొమ్మిది తాళాలు అని చెప్తారు. నవతాళం అంటారు దాన్ని. విగ్రహం జానెడు ఉన్నా, పది అడుగులున్నా ఆ వరస తప్పదు. విమానం నమూనా కట్టేవాళ్లు చేసేది కూడా ఇదే పని, రాయి బదులు ప్లాస్టిక్.

కిట్టు పెట్టె తెరిస్తే చట్రాలకు అంటుకొని ముక్కలుంటాయి. పెద్దదాంట్లో వందల్లో ఉంటాయి. ముందు సబ్బునీళ్లతో కడగాల, అచ్చులోని జిడ్డు ఉంటే రంగు పట్టదు. ముక్కను చట్రం నుంచి విరవగూడదు, కత్తిరించాల. మంచి నిప్పర్ లేకుంటే గోళ్లు తీసే కట్టర్ పనికొస్తాది. మిగిలిన బుడిపెను కారు పెయింటర్లు వాడే వాటర్ పేపర్‌తో, 400 నుంచి 1000 నంబరు దాకా, తడిపి రుద్దాల. అతికించేదానికి ఫెవికాల్ పనికిరాదు. ఈ ప్లాస్టిక్‌కు వేరే జిగురుంటాది, అది రెండు అంచులనూ రొంత కరిగించి ఒకటి చేస్తాది, వెల్డింగ్ మాదిరి. అతుకు గీత కనపడితే పుట్టీ పెట్టి మళ్లీ రుద్దాల. తర్వాత ప్రైమర్, దానిమీద రంగు పలచగా, రెండు మూడు పూతలు. బైకులకు కొట్టే స్ప్రే డబ్బా ఒక్కసారే మందంగా కొడితే ప్లాస్టిక్‌నే తినేస్తాది. జిగురైనా, థిన్నరైనా కిటికీ తెరిచి, ముక్కుకు మాస్కు కట్టుకొని, పొయ్యికి దూరంగా వాడండి. ఇది చిన్న మాట అనుకోవద్దు.

ఇంతవరకు చేసేది ఎవరైనా చేస్తారు. అసలు పని ఆ తర్వాత ఉండాది. చిన్న నమూనాలో కాక్‌పిట్ లోపల నల్ల రంగు పూసి వదిలేసినా ఎవరికీ తెలీదు. 1/32లో తెలుస్తాది. మిగ్-21నే తీసుకోండి. 1963 నుంచి మన వాయుసేనలో ఎగిరి, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. అసలు విమానం పదిహేను మీటర్ల పైచిలుకు, 1/32లో అర మీటరు. ఆ సైజులో సీటు బెల్టులు లేకుంటే, గడియారాల మొగాలు లేకుంటే ఖాళీ గుడిసె మాదిరి కనపడతాది. బెల్టులు యాడ్నుంచి తెస్తావు? చాక్లెట్ రేకు సన్నగా కోసి. వైర్లు? పాడైన చార్జర్ కేబుల్ లోపలి రాగి పోగులు. సన్న గొట్టాలు కావాలంటే ఖాళీ అయిన పెన్ను రీఫిల్లు, పశువులకేసే లావు సూది (కొత్తది, వాడింది ముట్టుకోవద్దు).

ఇంకోటి మందం. నమూనాలో ఒక మిల్లీమీటరు మందం ముక్క 1/35లో 35 మిల్లీమీటర్ల ఇనుముతో సమానం. ట్యాంకు మడ్‌గార్డు రేకు అంత మందం యాడుంటాది? అంచును లోపలి పక్క నుంచి గీకి గీకి పలచ చేయాల. చానామంది చేయరు. అందుకే వాళ్ల ట్యాంకు ఎంత బాగున్నా బొమ్మ మాదిరి ఉంటాది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న మాట. పట్నం పిల్లోళ్లు పుస్తకాలు, ఫోటోలు చూసి నేర్చుకునే సంగతి ఒకటి మీకు పుట్టుకతో తెలుసు. యంత్రం పనిచేస్తే ఎట్ల పాతబడతాదో. కొత్తగా నేర్చుకునేవాళ్లు ట్యాంకంతా తుప్పు పూసేస్తారు. నిజం బండి అట్లుండదు. మీ ఇంటి ముందర ట్రాక్టర్ చూడండి. రంగు ముందు యాడ పోతాది? కాలు పెట్టి ఎక్కే చోట, క్లచ్ పెడల్ మీద, జనం కూచునే మడ్‌గార్డు అంచున. తుప్పు ముందు సైలెన్సర్‌కు పడతాది, ఎందుకంటే అది కాగి కాగి రంగు నిలవదు. డీజిల్ పోసే మూతి కింద జిడ్డు కారి, దానిమీద దుమ్ము పట్టి నల్లగా చార ఉంటాది. బురద చక్రం మీద ఎండితే ఒక రంగు, తడిగా ఉంటే ఇంకో రంగు. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి ఎండితే బూడిద రంగుకొచ్చి పెచ్చులు లేస్తాది. బేతంచెర్ల పక్క పోతే ఆ దుమ్మే వేరు, రాయి కోసిన తెల్ల పొడి. ట్యాంకు కూడా ఇంతే. ఎక్కే దిగే చోట రంగు పోతాది, పొగగొట్టం తుప్పు పడతాది, చైన్లు రాయి తగిలే చోట మెరుస్తాయి. జల్లెడ పట్టిన మన మట్టికే రొంత ఫెవికాల్, నీళ్లు కలిపి చక్రాలకు పూస్తే, విదేశాల నుంచి తెప్పించే బురద సీసాలు దాని ముందర దండగ.

ఈ కన్ను ఉన్నోళ్లు సైనిక బండి కడితే ఏమి కనపడతాదో ఒక ఉదాహరణ. బీఎంపీ-2 అనే బండి ఉండాది, మన దేశంలో 'శరత్' అంటారు. రష్యా బండే గానీ మన తెలుగు నేల మీద, 1984లో పెట్టిన మెదక్ ఆయుధ కర్మాగారంలో, ఎద్దుమైలారంలో తయారవుతాది. సిపాయిలను మోసుకొని ట్యాంకుల వెంట పోయే బండి. నడిపేవాడు, తుపాకీ పేల్చేవాడు, కమాండర్, ఈ ముగ్గురు కాక ఇంకో ఏడుమంది సిపాయిలు పడతారు. దాని పొడుగు ఆరుముప్పావు మీటర్ల దగ్గర, 1/35లో జానెడు. పైన 30 మిల్లీమీటర్ల తుపాకీ, రీల్స్‌లో మీరు చూసేది దాని మంటనే.

లోపలి భాగాలతో కట్టినప్పుడు కత మారతాది. వెనక సిపాయిలు రెండు వరసల్లో బయటి పక్కకు మొగం పెట్టి కూచుంటారు. వాళ్ల వీపుల మధ్య ఉండేది డీజిల్ ట్యాంకు. వెనక దిగే రెండు తలుపులున్నాయి గదా, ఆ తలుపుల్లో కూడా డీజిల్ పోస్తారు. కప్పు ఎత్తు చూస్తే మనిషి వంగి కూచోవాల్సిందే. ఐదు సెంటీమీటర్ల బొమ్మను ఆడ కూచోబెడతాంటే మోకాళ్లు గోడకు తగులుతాయి. ఎవరి ఉపన్యాసమూ వినబల్లేదు, బొమ్మ పట్టకపోతే చేతికే తెలుస్తాది.

నేను యుద్ధానికి వ్యతిరేకినని మీకు తెలుసు, సైన్యంలో చేరొద్దని ఎవరికీ చెప్పను, అది మీ కడుపు సంగతి. 2022లో అగ్నిపథ్ వచ్చినాక నాలుగేండ్ల కొలువు కోసమే తెల్లారకముందు రోడ్ల మీద పరుగెత్తే పిల్లోళ్లను నేను రోజూ చూస్తాండా. వాళ్లలో ఒకడు రేపు అట్లాంటి బండి వెనక కూచోవచ్చు. పోయే ముందు ఆ సీటు యాడుంటాదో, తలుపు ఎటు తెరుచుకుంటాదో, మంటొస్తే దారి ఎటో తెలుసుకొని పోవడం పిరికితనం కాదు. కిట్టు పెట్టె మీద బొమ్మలో ఎప్పుడూ తుపాకీ నిప్పులు కక్కుతాంటాది. వెనక తలుపు తెరిచి లోపలున్న మనుషులను చూపించిన పెట్టె నాకు ఇంతవరకు కనపడలేదు. నా మటుకు నేను కట్టే ప్రతి బండికీ తలుపు తెరిచే పెడతా.

డబ్బు సంగతి. మంచి కిట్లు జపాన్, చైనా నుంచే రావాల, ధర వేలల్లో, దానికి సుంకం. 1/32 విమానం ధరకు మన దగ్గర నెల ఇల్లు గడుస్తాది. అందుకని అందరూ కిట్టు కొనమని చెప్పేంత తెలివితక్కువోడిని కాను. నంద్యాలలో బోర్డులు చేసే అంగళ్లలో సన్‌బోర్డు తునకలు పారేస్తారు, అడిగితే ఇస్తారు. దానికి ఫెవిక్విక్ పట్టుకుంటాది. స్కేలు, పెన్సిలు, కట్టర్ బ్లేడు ఉంటే చాలు. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే చేరండి, విమానం నమూనాల పని వాళ్ల శిక్షణలోనే ఉంటాది, ఆడపిల్లలకూ అంతే. విశాఖపట్నం పోయే పని పడితే బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం మ్యూజియం చూడకుండా రావద్దు. నౌకాదళంలో 29 ఏండ్లు పనిచేసి 2017లో ఆగిపోయిన విమానం అది. నాలుగు ఇంజన్లకు ఒక్కోదానికి రెండు ఫ్యాన్లు, ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు తిరుగుతాది. ముక్కు ముందర సెల్ఫీ తర్వాత దిగుదురు గానీ, చక్రాల గుంతలోపల, రెక్క కింద, మేకుల వరసలు ఫోటోలు తీసుకోండి. కట్టేటప్పుడు పనికొచ్చేవి అవే.

విశాఖ దాకా పోలేనోళ్లు ఇంటి ముందరి ట్రాక్టర్‌తోనే మొదలుపెట్టొచ్చు. టేపు తీసుకోండి. ఇంజన్ మూత పొడుగు, వెనక చక్రం ఎత్తు, సీటుకూ స్టీరింగుకూ మధ్య దూరం కొలిచి కాయితం మీద రాసి, ప్రతిదాన్నీ 16తో భాగించండి. సన్‌బోర్డు మీద గీయబోయే ముందు ఇంకోసారి పోయి, దున్ని వచ్చినాక బురద చక్రానికి యాడిదాకా ఎక్కిందో, నాయన కాలు పెట్టి పెట్టి రంగు యాడ పోయిందో, అది కూడా పక్కన రాసుకోండి.