పాల వృథా అరికట్టడంలో ప్రభుత్వ విధానాలు - మన సంఘాల పాత్ర

ధాన్యం గాదెలో నిలుస్తుంది. మిరప శీతల గిడ్డంగిలో నిలుస్తుంది. పాలు మాత్రం పితికిన క్షణం నుండి చెడిపోవడం మొదలుపెట్టే సరుకు. అయినప్పటికీ దేశంలో కోత అనంతర నష్టాల పట్టికలో అట్టడుగున ఉన్నది పాలే. భారత వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన లూధియానా సంస్థ 2015లో వెలువరించిన సర్వే ప్రకారం జామలో నూటికి 15.88 వంతులు వృథా కాగా, పాలలో ఆ నష్టం 0.92 వంతు మాత్రమే. నాబార్డు అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ 2022లో ఇచ్చిన లెక్కలో అది 0.87కు తగ్గింది.

పాలలో పెద్ద వంతు పల్లెలోనే వాడకమైపోవడం ఇందుకు ఒక కారణం. కాని పట్నానికి చేరే పాలు కూడా విరగకుండా చేరుతున్నవంటే దాని వెనుక 70 ఏళ్ళ ప్రభుత్వ విధానం, సహకార సంఘాల శ్రమ ఉన్నవి.

ఈ కథ గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో మొదలైనది. 1946లో అక్కడ ఏర్పడిన పాల సహకార యూనియన్ బొంబాయికి పాలు పంపేది. చలికాలంలో గేదెలు దండిగా ఇస్తాయి, ఎండాకాలంలో తగ్గిస్తాయి. ఇది మన ఇళ్ళలోనూ ఎరిగిన సంగతే. బొంబాయి పాల పథకం వారు చలికాలపు అదనపు పాలను తీసుకొనలేమన్నారు. పాలు చెడినందుకు గాక, ఎక్కువైనందుకు రైతు నష్టపోయే పరిస్థితి వచ్చినది. దీనికి విరుగుడుగా యునిసెఫ్ వారి యంత్ర సహాయంతో ఆనంద్‌లో వెన్న, పాలపొడి తయారుచేసే కర్మాగారం నిర్మించారు. 1955 అక్టోబరు 31న ప్రధాని నెహ్రూ దానిని ప్రారంభించారు. గేదె పాలతో పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు అంటున్న రోజులలో ఇంజనీరు హెచ్.ఎం. దలాయా దానిని చేసి చూపించారు. గేదెలే ఆధారమైన మన జిల్లాలకు ఇది ఎంత పెద్ద విషయమో వేరుగా చెప్పనక్కరలేదు. అదనపు పాలను పొడిగా, వెన్నగా దాచి, ఎండాకాలంలో నీటితో కలిపి మళ్ళీ పాలుగా పోయడమే ఆహార వృథాను అరికట్టడానికి పాడి రంగం కనిపెట్టిన మొదటి గాదె.

1970లో ప్రారంభమై 1996 వరకు మూడు దశలుగా నడిచిన ‘ఆపరేషన్ ఫ్లడ్’ ఈ పద్ధతిని దేశమంతటా విస్తరింపజేసినది. యూరప్ దేశాలలో అమ్ముడుపోక పేరుకున్న పాలపొడిని, వెన్ననూనెను ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా ఉచితంగా తెచ్చి, నగరాలలో పాలుగా అమ్మి, ఆ డబ్బుతో మన చిల్లింగ్ కేంద్రాలు, డెయిరీలు కట్టారు. వారి మిగులు మనకు పెట్టుబడి అయినది. మన రాష్ట్రంలో 1974లో డెయిరీ అభివృద్ధి కార్పొరేషన్, 1981లో సహకార సమాఖ్య ఏర్పడిన తరువాత గ్రామ సంఘం, జిల్లా యూనియన్, రాష్ట్ర సమాఖ్య అనే మూడంచెల ఏర్పాటు నిలబడినది.

ఈ ఏర్పాటుకు గట్టి పరీక్ష 2020 మార్చిలో వచ్చినది. కరోనా లాక్‌డౌన్‌తో హోటళ్ళు, మిఠాయి దుకాణాలు మూతపడినవి. అమ్మకం పడిపోయినా గేదె పాలివ్వడం మానదు గదా! ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం రెండు పనులు చేసినది. పాలపొడి, వెన్నలలో సొమ్ము ఇరుక్కుపోయిన సహకార సంస్థలకు నిర్వహణ రుణాలపై 2 శాతం వడ్డీ రాయితీ, సకాలంలో చెల్లించినవారికి మరో 2 శాతం ప్రకటించినది. రెండవది, మార్చి 26 నుండి రేణిగుంట నుండి ఢిల్లీకి ప్రత్యేక పాల రైలు నడిపినది. ఒక్కొక్క టాంకరులో 40 వేల లీటర్ల చొప్పున ఆరు టాంకర్లు, అంటే ఒక్క విడతలో 2 లక్షల 40 వేల లీటర్లు.

ఇక నేటి పథకాలు. పాలను పల్లెలోనే చల్లబరచాలన్నది వీటి ఉద్దేశం. పూర్వం క్యానులు లారీ ఎక్కి చిల్లింగ్ కేంద్రం చేరేసరికి గంటలు గడిచేవి. ఇప్పుడు సంఘం దగ్గరే బల్క్ కూలర్ పెట్టి పాలను 4 డిగ్రీల సెంటిగ్రేడుకు దించుతున్నారు. 2014లో మొదలైన జాతీయ పాడి అభివృద్ధి కార్యక్రమం కింద కూలర్లకు, పరీక్షా యంత్రాలకు గ్రాంటు ఇస్తున్నారు. 2021-22 నుండి 2025-26 వరకు దీనికి కేటాయింపును 2025 మార్చిలో 2,790 కోట్ల రూపాయలకు పెంచారు. రుణాల కోసం 2017లో సహకార డెయిరీలకు ఒక నిధి, 2020లో 15,000 కోట్లతో పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి పెట్టి, 2024లో రెండింటినీ కలిపారు. రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నది. మా అభిప్రాయంలో ఈ రుణ నిధి యూనియన్లకే గాని ఒంటరి గ్రామ సంఘానికి అంతగా అక్కరకు వచ్చేది కాదు. సంఘానికి పనికివచ్చేది గ్రాంటే.

ఇంతవరకు బాగున్నది. అయితే ఆ 0.87ను చూసి మురిసిపోరాదు. 2023-24లో దేశపు పాల ఉత్పత్తి 23 కోట్ల 93 లక్షల టన్నులు. ఆ శాతాన్ని దీనికి వేసి చూస్తే నష్టం 20 లక్షల టన్నులు దాటుతుంది. పైగా ఈ సర్వేలు కొలిచేది పరిమాణ నష్టాన్నే. పులుపు తిరిగిన పాలు పారబోయకుండా తక్కువ ధరకు నేతికో మరొక దానికో మళ్ళిస్తే, సర్వే లెక్కలో అది నష్టం కాదు. సభ్యుని పాసుపుస్తకంలో మాత్రం నష్టమే. ఒక క్యానులో ఒకరి పులుపు పాలు కలిస్తే, శుభ్రంగా తెచ్చిన పదిమంది ధర కూడా దానితో పడిపోతుంది. తగవులకు మూలం కూడా తరచుగా ఇదే.

పితికినపుడు పాల వేడి మన ఒంటి వేడికి దగ్గరగా ఉంటుంది. ఆ వేడిలో సూక్ష్మజీవులు దాదాపు అరగంటకొకసారి రెండింతలవుతాయి. కూలర్ వాటి పెరుగుదలను బాగా నెమ్మదింపజేస్తుందే గాని, అప్పటికే పెరిగినవాటిని చంపదు. కాబట్టి పితకడానికి, సంఘం గడప తొక్కడానికి మధ్య గడిచే కాలాన్ని ఏ ప్రభుత్వ పథకమూ కొనిపెట్టలేదు. రాత్రి పాలు ఉదయపు పాలలో కలపకుండుట, మొదటి రెండు మూడు ధారలు వేరుగా తీసివేయుట, క్యాను వేడినీటితో కడిగి బోర్లించి ఆరబెట్టుట సభ్యుని చేతిలో పనులు. సమయానికి కేంద్రం తెరచుట, వాసన చూసి, అనుమానం వచ్చినపుడు పరీక్షనాళికలో మరిగించి చూసి, విరిగినవాటిని వేరుచేయుట కార్యదర్శి చేతిలో పనులు. పులుపు దాచడానికి సోడా కలుపుట, నిలవ కోసం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుట 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద నేరాలు. అటువంటి పాలు డెయిరీ పరీక్షలో బయటపడితే తిరస్కరణ సంఘం మొత్తానికి తగులుతుంది.

కూలర్ కోరే సంఘాలు యూనియన్‌కు దరఖాస్తు పెట్టకముందే సర్వసభ్య సమావేశంలో మూడు విషయాలు తేల్చుకొనవలెను. వేసవి కనిష్ఠ సేకరణతో కూడా యంత్రం నిండునా? కరెంటు పోయిన వేళ జనరేటరు డీజిలు ఖర్చు ఏ పద్దు నుండి? టాంకరు పాలు తీసుకుపోయిన ప్రతిసారీ లోపల కడగడానికి ఎవరిని నియమించెదరు? ఇవి మినిట్స్ పుస్తకంలో తీర్మానాలుగా ఉన్న సంఘాలలో యంత్రం నడుస్తున్నది. లేనిచోట గ్రాంటుతో వచ్చిన కూలర్ గడ్డి మోపులు పెట్టుకొనే అరుగుగా మారుతున్నది.