కారు ముక్కుకు తీగ తెగితే

మిరపకాయల కాలం వచ్చిందంటే గుంటూరు దారులన్నీ సందడిగా ఉంటాయి. నరసరావుపేట, చిలకలూరిపేట, మార్టూరు, అద్దంకి వైపు నుంచి మిర్చి టిక్కీలు యార్డుకు వస్తాయి. రైతులూ, వ్యాపారులూ అటూ ఇటూ తిరుగుతారు. అద్దెకారు నడుపుకునే వాళ్లు నాలుగు డబ్బులు కళ్లజూసే కాలం అదే. అలాంటప్పుడు కారులో ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగితే? డ్రైవరు గుండె గుభేలుమంటుంది.

ఆ లైటు వెలగటానికి చాలా కారణాలున్నాయి. వాటిలో ఒకటి ఆక్సిజన్ సెన్సరు. కొత్త సెన్సరు కొనాలంటే వేలల్లో ఖర్చు. కాని కొన్నిసార్లు పాడయ్యేది సెన్సరు కాదు. దాని తీగ. లేదా తీగలను కలిపే కప్లరు. తీగ బాగుచేయటానికి ఖర్చు తక్కువే. అందుకే ముందు తీగ చూడాలి. ఆ తర్వాతే సెన్సరు సంగతి.

సెన్సరు ఏం చేస్తుంది?

పొయ్యికి గాలి ఆడకపోతే ఏమవుతుంది? పొగ వస్తుంది. కట్టెలు సరిగా మండవు. ఇంజను కూడా పొయ్యి లాంటిదే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి తగ్గితే పెట్రోలు వృథా అవుతుంది. విషవాయువు ఎక్కువవుతుంది.

ఇంజను నుంచి పొగ బయటకు పోయే గొట్టానికి ఆక్సిజన్ సెన్సరు బిగించి ఉంటుంది. చూడటానికి స్పార్కు ప్లగ్గులా ఉంటుంది. అది కారుకు ముక్కు వంటిది. పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో కనిపెడుతుంది. ఆ కబురు తీగ ద్వారా కారులోని చిన్న కంప్యూటరుకు పంపుతుంది. కంప్యూటరు దాన్ని బట్టి పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది.

ఈ కబురు చాలా సన్నటిది. చాలా కార్లలో 0.1 వోల్టు నుంచి 0.9 వోల్టు వరకే ఉంటుంది. టార్చిలైటు సెల్లుకు 1.5 వోల్టులుంటాయి. కబురు అంతకన్నా తక్కువ. కాబట్టి కప్లరులో కొంచెం చిలుము పట్టినా కబురు చెడిపోతుంది.

జర్మనీలోని బాష్ కంపెనీ ఈ సెన్సరును తయారుచేసింది. 1976లో స్వీడన్ దేశపు వోల్వో కార్లకు దాన్ని మొదటిసారి అమర్చారు. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు అమలయ్యాయి. వాటితో మోటారు సైకిళ్లకు కూడా ఈ సెన్సరు వచ్చింది. అంటే పొలానికి వెళ్లే బండికీ ఇది ఉంటుంది.

తీగ ఎందుకు తెగుతుంది?

పొగగొట్టం బాగా కాలుతుంది. తీగను పట్టి ఉంచే క్లిప్పు ఊడితే తీగ జారి గొట్టానికి తగులుతుంది. పైతొడుగు కరిగిపోతుంది.

డొంకదారిలో పత్తి మోళ్లు కారు అడుగున తగిలి తీగను లాగుతాయి. నల్లరేగడి బురద కప్లరులో చేరుతుంది. పత్తి, ధాన్యం నిల్వ చేసిన చోట ఎలుకలు చేరతాయి. ఆ పక్కన కారు పెడితే ఇంజనులో దూరి తీగలు కొరుకుతాయి.

ముందు చూడవలసింది

"సెన్సరు పోయింది మేస్త్రీ, కొత్తది వేసెయ్యి" అంటాడు డ్రైవరు.

"తొందరపడకబ్బాయ్. ఉత్తరం రాలేదనుకో. రాసినవాడు రాయలేదా, దారిలో పోయిందా? ముందు అది తేల్చుకోవాలి గదా!" అంటాడు పని తెలిసిన మేస్త్రి.

ఇంజను ఆపి గొట్టం పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. లేకపోతే చెయ్యి కాలుతుంది. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి దూరకూడదు. స్టాండు పెట్టాలి. లేదా షెడ్డులో గుంట మీద నిలపాలి. తీగలు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివు తీగ ఊడదీయాలి.

తర్వాత సెన్సరు నుంచి కప్లరు దాకా తీగను కళ్లతో వెతకాలి. కాలిందా? ఎలుక కొరికిందా? కప్లరు ఊడదీసేటప్పుడు తాళం నొక్కి కప్లరునే పట్టి లాగాలి. తీగలను పట్టి లాగకూడదు. లోపల పచ్చటి చిలుము ఉందా? పిన్నులు వంగాయా? నీరు రాకుండా ఆపే రబ్బరు ఉందా? ఫ్యూజు కూడా చూడాలి. తీగ గొట్టానికి తగిలితే ఫ్యూజు కాలిపోవచ్చు.

చాలా సెన్సర్లకు నాలుగు తీగలుంటాయి. రెండు తీగలు లోపలి హీటరుకు. సెన్సరు సుమారు 300 డిగ్రీలు వేడెక్కితేనే పనిచేస్తుంది. హీటరు దాన్ని త్వరగా వేడి చేస్తుంది. మిగిలిన రెండూ కబురు తీగలు. మల్టీమీటరుతో హీటరు తీగల మధ్య చూస్తే కొన్ని ఓములు చూపాలి. అసలేమీ చూపకపోతే హీటరు గాని, దాని తీగ గాని తెగినట్టే.

బాగుచేయటం ఎలా?

మొదట కాగితం, పెన్సిలు తీసుకోవాలి. ఏ రంగు తీగ ఏ పిన్నుకు వెళ్తుందో రాసుకోవాలి. ఇది మరిచిపోతే ముప్పు. హీటరుకు వచ్చే 12 వోల్టులు కబురు తీగలోకి పోతే కంప్యూటరే పాడవుతుంది.

పాడైన భాగం కత్తిరించాలి. నాలుగు తీగలనూ ఒకేచోట కత్తిరించకూడదు. ఒకటి పైన, ఒకటి కింద ఉండేట్టు కత్తిరించాలి. అప్పుడు అతుకులు ఒకదానికొకటి తగలవు.

అతుకు వేసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సెన్సరు పొగను బయటి గాలితో పోల్చి చూస్తుంది. చాలా సెన్సర్లకు ఆ బయటి గాలి తీగ పోగుల సందుల్లోంచే వస్తుంది. అంటే తీగ కబురూ మోస్తుంది, గాలీ మోస్తుంది. టంకం పెడితే ఆ సందులు మూసుకుపోతాయి. తీగ అతికినా సెన్సరుకు ఊపిరాడదు. అందుకే సెన్సరు వైపు తీగలకు టంకం పెట్టకూడదు. చిన్న లోహపు గొట్టంలో రెండు కొసలూ పెట్టి క్రింపింగు ప్లయరుతో గట్టిగా నొక్కాలి. పైన వేడికి బిగుసుకునే స్లీవు తొడగాలి.

కప్లరులో గ్రీజు పూయకూడదు. మందు కొట్టి కడగకూడదు. పిన్నులు చిలుము పట్టి తినేసి ఉంటే కొత్త కప్లరు వేయాలి.

తీగలు మెలిపెట్టి మామూలు టేపు చుడితే సరిపోదా? సరిపోదు. గొట్టం వేడికి టేపు ఊడుతుంది. బురదనీరు లోపలికి పోతుంది. మళ్లీ లైటు వెలుగుతుంది.

చివరికి తీగను గొట్టానికి దూరంగా పాత దారిలోనే నడిపి క్లిప్పుతో బిగించాలి. ఇంజను కదులుతుంది కాబట్టి తీగ కొంచెం వదులుగా ఉండాలి. స్కానరుతో పాత తప్పును చెరిపి, కారును కొన్ని మైళ్లు నడిపి చూడాలి. తీగ అంతా బాగున్నా అదే తప్పు మళ్లీ వస్తే, అప్పుడు సెన్సరును పరీక్షించి మార్చాలి.

వదిలేస్తే ఏమవుతుంది?

కారు నడుస్తూనే ఉంటుంది గదా అని కొందరు ఊరుకుంటారు. ఇంకొందరు లైటు కనపడకుండా కాగితం అంటిస్తారు. కబురు అందని కంప్యూటరు గుడ్డి లెక్కతో పెట్రోలు పోస్తుంది. పెట్రోలు ఎక్కువ పోతే మైలేజీ పడిపోతుంది. మండని పెట్రోలు కాటలిటిక్ కన్వర్టరులో చేరుతుంది. పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా అది. అది మాడిపోతే ఖర్చు సెన్సరు కన్నా చాలా ఎక్కువ.

బురదదారిలో తిరిగాక కారు అడుగున ఒకసారి చూసుకోవాలి. క్లిప్పు ఊడితే ఆరోజే బిగించాలి. ధాన్యం బస్తాల పక్కన కారు నిలపకూడదు. లైటు వెలిగితే మేస్త్రిని ముందుగా ఒక్క మాట అడగాలి. "తీగ చూశావా మేస్త్రీ?"