గొంతునిచ్చే యంత్రం.. బిల్లు తప్పితే మౌనమే!

హైదరాబాద్: అమెరికా ఆసుపత్రుల బిల్లులకు కోడ్లు వేసే పని నగరంలో ఎందరో యువతీయువకులకు ఉపాధి కల్పిస్తోంది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో మెడికల్ కోడింగ్ నేర్చుకొనేవారికి శస్త్రచికిత్సలు, ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కోడ్లు బాగా పరిచయమే. మాటలు పలికే యంత్రాల బిల్లు మాత్రం అరుదుగా ఎదురవుతుంది. ఎదురైనప్పుడు ఒక్క కాగితం వెనకాముందైనా చెల్లింపు ఆగిపోయి, సముద్రానికి ఆవల ఒక రోగి మూగగా ఎదురుచూడవలసి వస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఈ పరికరం అవసరమైన పిల్లలు, వృద్ధులు ఉంటారు. అందుచేత ఈ నిబంధనలు కోడర్లతోపాటు వారి బంధువులూ తెలుసుకోదగ్గవే.

పక్షవాతం, సెరెబ్రల్ పాల్సీ, ఆటిజం, కండరాలను క్రమంగా నిర్వీర్యం చేసే ఏఎల్ఎస్ వంటి కారణాల వల్ల మాట రానివారు, మాట కోల్పోయినవారు ఈ యంత్రాలను వాడతారు. తెరపై అక్షరాలను గానీ బొమ్మలను గానీ ఎంచుకుంటే యంత్రం ఆ మాటను పైకి పలుకుతుంది. చేతులు సైతం కదలనివారు కంటిచూపుతోనే అక్షరాలను ఎంచుకొనే ఏర్పాటూ ఉంది. అటువంటి పరికరం ధర వేల డాలర్లలో ఉంటుంది.

వృద్ధులకు, దీర్ఘకాల వైకల్యం ఉన్నవారికి అమెరికా ప్రభుత్వం నిర్వహించే ఆరోగ్య బీమా మెడికేర్. 2001 జనవరి 1కి పూర్వం మెడికేర్ ఈ యంత్రాలను కేవలం సౌకర్యం కోసం వాడే వస్తువులుగా పరిగణించి సొమ్ము నిరాకరించేది. మాట్లాడటాన్ని సౌకర్యంగా లెక్కగట్టిన నిబంధన అన్నేళ్లు ఎలా నిలిచిందో ఆశ్చర్యమే. ఆ తేదీ నుంచి వీటిని చక్రాల కుర్చీల మాదిరిగా మన్నికైన వైద్య పరికరాల జాబితాలో చేర్చారు. డిడక్టిబుల్ చెల్లించిన తరువాత ఆమోదిత ధరలో 80 శాతం మెడికేర్, 20 శాతం రోగి భరించాలి.

ముందు పరీక్ష.. ఆపైనే పరికరం

బిల్లులు ఇక్కడ రెండు. స్పీచ్ థెరపిస్టు రోగిని పరీక్షించినందుకు ఒకటి, పరికరం సరఫరా చేసిన సంస్థది మరొకటి. పరీక్ష తొలి గంటకు 92607, ఆపై ప్రతి అరగంటకు 92608 కోడ్లు వాడతారు. పరికరాన్ని రోగికి అనువుగా అమర్చి వాడకం నేర్పినందుకు 92609 వేస్తారు. సరఫరాదారు బిల్లు వైద్య పరికరాల చెల్లింపులు చూసే గుత్తేదారు సంస్థకు వేరుగా వెళ్లాలి.

కోడ్లకన్నా తేదీల వరుసే ఇందులో కీలకం. పరికరం రోగి చేతికి రాకముందే థెరపిస్టు పరీక్ష పూర్తికావాలి. లిఖిత నివేదిక చికిత్స చేసే వైద్యుడికి చేరిన తరువాతే ఆయన ఆర్డరు రాయాలి. ఆర్డరు తేదీ నివేదిక అందిన తేదీకన్నా ముందుంటే కోడ్ ఎంత సరిగా ఉన్నా బిల్లు నిలవదు. పరీక్షించిన థెరపిస్టు సరఫరా సంస్థ ఉద్యోగి కాకూడదు, ఆ సంస్థతో ఆర్థిక సంబంధమూ ఉండకూడదు. అమ్మేవాడే అవసరాన్ని ధ్రువీకరించకుండా పెట్టిన కట్టుబాటు ఇది.

నివేదికలో లోపం ఎంత, బుద్ధిసామర్థ్యం ఎలా ఉంది, సైగలు, రాత వంటి మార్గాలు ఎందుకు చాలవు, ఫలానా పరికరమే ఎందుకు అన్న వివరాలు ఉండాలి. వ్యాధి మున్ముందు ఎలా సాగుతుందో కూడా రాయాలి. ఏఎల్ఎస్ రోగికి ఈ అంశమే ప్రాణం. నేడు వేలితో తెరను తాకగలిగినవారు రేపు తాకలేకపోవచ్చు. సాధారణంగా పరికరం ఆయుష్షు అయిదేళ్లుగా లెక్కిస్తారు కనుక మొదటి ఎంపికలోనే ముందుచూపు అవసరం.

ముందే రికార్డు చేసిన మాటలను వినిపించే యంత్రాలకు, ఆ మాటల నిడివిని బట్టి, ఈ2500 నుంచి ఈ2506 వరకు కోడ్లున్నాయి. అక్షరాలు కూర్చి, తాకడం ద్వారా మాత్రమే వాడే కృత్రిమ గొంతు యంత్రానికి ఈ2508. మాటలు కూర్చేందుకు, యంత్రాన్ని నడిపేందుకు పలు మార్గాలున్న దానికి ఈ2510. సొంత కంప్యూటర్‌లో వేసుకొనే సాఫ్ట్‌వేర్‌కు ఈ2511, యంత్రాన్ని కుర్చీకి బిగించే చట్రానికి ఈ2512. చివరి రెండింటి మధ్య కన్నా ఈ2508, ఈ2510ల మధ్యే కొత్తవారు తికమకపడే అవకాశం ఎక్కువ. ఏ పరికరం ఏ కోడ్ కిందికి వస్తుందో పీడీఏసీ జాబితాలో సరిచూసుకోవచ్చు.

అద్దె తెచ్చిన చిక్కు

2014 ఏప్రిల్ నుంచి మెడికేర్ ఈ యంత్రాలను అద్దె పద్ధతిలోకి మార్చింది. 13 నెలలు అద్దె పూర్తయ్యాకే యంత్రం రోగి సొంతమవుతుంది. ఈలోగా రోగి ఆసుపత్రిలోనో నర్సింగ్ హోమ్‌లోనో చేరితే అద్దె చెల్లింపు ఆగిపోయేది. మాట అత్యవసరమైన వేళలోనే యంత్రం చేజారే దుస్థితి ఏర్పడింది. ఏఎల్ఎస్ బారిన పడిన మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు స్టీవ్ గ్లీసన్ తదితరులు దీనిపై గళమెత్తారు, అదీ యంత్రపు గొంతుతోనే. ఆయన పేరిట వచ్చిన చట్టంపై 2015 జులై 30న అధ్యక్షుడు ఒబామా సంతకం చేశారు. రోగి తొలినాడే యంత్రాన్ని కొనుక్కొనే వీలు తిరిగి వచ్చింది. కంటిచూపుతో నడిపే ఉపకరణాలకూ చెల్లింపు ఖాయమైంది. తాత్కాలికంగా తెచ్చిన ఈ ఏర్పాటును 2018లో శాశ్వతం చేశారు. బిల్లులో కొత్త యంత్రం కొనుగోలుకు ఎన్‌యూ, అద్దెకు ఆర్ఆర్ అన్న గుర్తులు వేస్తారు. ఈ రెండక్షరాల వెనుక ఇంత కథ ఉంది.

పేద కుటుంబాల 21 ఏళ్లలోపు పిల్లలకు మెడికెయిడ్ పథకం వైద్యపరంగా అవసరమైన పరికరాన్ని సమకూర్చాలి. ఉద్యోగం ద్వారా వచ్చే ప్రైవేటు బీమాలో నిబంధనలు ఒక్కో పాలసీకి ఒక్కోలా ఉంటాయి. చదువుకు అవసరమని విద్యా ప్రణాళికలో చేరితే పాఠశాలే పరికరం ఇవ్వాలి. అయితే బడిలో ఇచ్చినది ఇంటికి పంపుతారా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంటే ఆ సంగతి థెరపిస్టుకు తప్పక చెప్పాలి. అమ్మమ్మతో తెలుగులో మాట్లాడవలసిన బిడ్డకు ఇంగ్లిష్ పదాలు మాత్రమే ఉన్న యంత్రం సగం గొంతే.

మెడికేర్ బిల్లును సేవ అందిన తేదీ నుంచి ఏడాదిలోగా సమర్పించాలి. తిరస్కరిస్తే 120 రోజుల్లో తొలి అప్పీలు, అక్కడా చుక్కెదురైతే 180 రోజుల్లో రెండోది చేసుకోవచ్చు. అప్పీలుతో పాటు థెరపిస్టు నివేదికను, అది వైద్యుడికి చేరిన తేదీని చూపే ఆధారాన్ని జతచేయాలి.