వోడ్కా పోసే తొట్టి, బెల్లం చల్లే చెరువు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టిన కొద్ది వారాలకే గాజు మీద, ఇసుక మీద గోధుమరంగు పూత పడుతుంది. అది డయాటమ్ జాతి నాచు. ఒంటి పెంకును సిలికాతో కట్టుకుంటుంది. నీళ్లలో సిలికా అయిపోతే చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఈలోగా మందులు కొనడం దండగ. తమాషా ఏమిటంటే, మనం గీకి పారబోసే ఈ జాతినే రొయ్యల హేచరీల్లో పనిగట్టుకుని పెంచుతారు. కీటోసెరాస్ అనే డయాటమ్ రొయ్య పిల్లల తొలి మేతల్లో ఒకటి.

అమలాపురంలో ఉన్నవారికి ఓడలరేవు దగ్గరే కదా, రెండు డబ్బాల సముద్రపు నీళ్లు తెచ్చుకుంటే పోలేదా అనిపిస్తుంది. వద్దు. అక్కడ వైనతేయ, అంతర్వేదిలో వశిష్ఠ, రెండూ గోదావరి పాయలే, సముద్రంలో కలుస్తాయి. ఆ నీళ్లలో ఒండ్రుతోపాటు పొలాల ఎరువు, ఊళ్ల మురుగు కూడా ఉంటాయి. నాచుకు అంతకన్నా విందు ఏముంది? గోదావరికి వరదొస్తే ఉప్పదనమూ పడిపోతుంది. ఆర్వో నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున ఉప్పునీటి అక్వేరియాలకని అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుకోవడమే నయం.

అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రొయ్యల రైతులకు ఈ లెక్కంతా తలకిందులు. అక్వేరియంలో నీళ్లు తేటపడితే సంబరం, చెరువులో తేటపడితే కంగారు. ఎండ అడుగుదాకా దిగితే అక్కడ పీచు నాచు పట్టి, ఊడి పైకి తేలి కుళ్లుతుంది. నీళ్లలో తేలాడే సన్న నాచు తగుమాత్రంగా రంగు కడితే అదే అడుక్కి గొడుగు. అంటే నాచును నాచుతోనే ఆపుతారన్నమాట. ఆ రంగు ఎంతుందో చూడటానికి ఒక పళ్లెం దించుతారు. అది 30-40 సెంటీమీటర్ల లోతున కనుమరుగైతే రంగు సరిపోయినట్టు. ఆ పళ్లెం పేరు సెచ్చి డిస్క్. 1865లో ఆంజెలో సెచ్చి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త పోప్ గారి ఓడ మీంచి మధ్యధరా సముద్రంలో ఇలాంటి పళ్లేలు దించి చూశాడు. చుక్కలు చూసే మనిషి పేరు రొయ్యల చెరువు గట్టుకు చేరింది!

పగలు ప్రాణవాయువు ఇచ్చే నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. రంగు ముదిరిన చెరువులో తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలేది అందుకే. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే ఇక అంతే. అక్వేరియం వాళ్లు దీనికో ఉపాయం పన్నారు. పక్క అరలో కీటోమార్ఫా అనే పీచు నాచును పెంచి, పెద్ద తొట్టిలో దీపం ఆర్పాక అక్కడ దీపం వెలిగిస్తారు. ఒకచోట రాత్రి, మరోచోట పగలు. పైగా పీచు పెరిగినకొద్దీ కోసి పారేస్తే, నీళ్లలోని నైట్రేటు, ఫాస్ఫేటు కూడా దాంతోపాటే బయటికి పోతాయి.

మైలుతుత్తం వేస్తే నాచు చస్తుంది, నిజమే. నత్తలు, పగడాలు, రొయ్యలు కూడా చస్తాయి. చచ్చిన నాచు కుళ్లి, తర్వాత పుట్టే నాచుకు ఎరువవుతుంది.

అసలు కిటుకు మేతలో ఉంది. మేతలోని నత్రజనిలో సగం కూడా రొయ్య ఒంటికి పట్టదు. మిగిలింది నాచు పాలే. అందుకే రైతులు చెక్ ట్రే ఎత్తి, అందులో మేత మిగిలిందేమో చూసి తగ్గిస్తారు. బెల్లం, తవుడు, ఈస్ట్ పులియబెట్టి చెరువులో చల్లుతారు కూడా. ఆ తీపితో బ్యాక్టీరియా పెరిగి, నాచుకు దక్కాల్సిన నత్రజనిని ముందే లాగేసుకుంటుంది. పగడాల తొట్టి పెంచే విదేశీయులు ఇదే పనికి కొలిచి కొలిచి వోడ్కా పోస్తారు. మన బెల్లమే చవక. తొట్టిలో పెరిగిన బ్యాక్టీరియాను స్కిమ్మర్ అనే పరికరం నురగతో తీసేస్తుంది. చెరువులో అయితే ముద్దకట్టిన బ్యాక్టీరియాను రొయ్యే తినేస్తుంది.