కడుపులో తిప్పితే అల్లం ఎంతవరకు?

తిరుమల ఘాట్ రోడ్డు దిగే బస్సులో నాలుగు మలుపులు తిరిగేసరికి ఎవరో ఒకరికి కడుపులో దేవడం మొదలవుతుంది. ఒకరు నిమ్మకాయను గోటితో గిల్లి వాసన చూస్తారు. ఇంకొకరు అల్లం మురబ్బా బుగ్గన పెట్టుకుంటారు. స్టీరింగ్ పట్టుకున్న డ్రైవరుకు మాత్రం సాధారణంగా ఏమీ కాదు. బండి ఎటు తిరగబోతోందో అతని మెదడుకు ముందే తెలుసు మరి.

ప్రయాణంలో వచ్చే వికారానికి మూలం చెవిలో ఉంది. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు ఒళ్లు ఊగుతోందని చెబుతాయి. ఫోన్‌లో మునిగిన కళ్లు ఏదీ కదలడం లేదంటాయి. ఈ రెండు కబుర్లకూ పొంతన కుదరక మెదడు తికమకపడుతుంది. వినికిడి లేనివారిలో చాలామందికి ఓడ ప్రయాణంలో వికారం రాదని అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1882లోనే రాశాడు. తూకం చూసే చెవి భాగం కూడా వారిలో దెబ్బతిని ఉండటమే దానికి కారణం.

పాడైన తిండి తిన్నప్పటి దారి వేరు. పేగు గోడలోని కణాలు సెరటోనిన్‌ను వదులుతాయి. అది వేగస్ నాడిని రెచ్చగొట్టి మెదడుకు కబురు పంపుతుంది. వేవిళ్లది మరో కథ. పిండం, మాయ నుంచి తల్లి రక్తంలోకి చేరే జీడీఎఫ్15 అనే హార్మోన్‌కు అందులో ప్రధాన పాత్ర ఉందని 2023లో వెలువడిన పరిశోధన చూపింది.

అన్నిటికీ అల్లమే మందా?

1982లో లాన్సెట్ పత్రికలో ఒక ప్రయోగం అచ్చయింది. ప్రయాణం పడని 36 మంది విద్యార్థులను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు. శొంఠి పొడి మింగినవారిలో సగం మంది ఆరు నిమిషాలూ తట్టుకున్నారు. ప్రయాణ వికారానికి వాడే మామూలు మాత్ర వేసుకున్నవారిలో ఒక్కరూ నిలవలేదు. కానీ 1991లో 28 మందితో చేసిన మరో ప్రయోగంలో అల్లం పనిచేయలేదు. ప్రయాణాల విషయంలో ఫలితాలు ఇలా అటూఇటూగానే ఉన్నాయి. వేవిళ్లకు మాత్రం కొంత ఉపశమనం ఇస్తుందని పలు అధ్యయనాలు తేల్చాయి. వాటిలో ఎక్కువగా వాడిన మోతాదు రోజుకు సుమారు గ్రాము శొంఠి పొడి. అల్లంలోని జింజెరాల్, షోగోల్ సెరటోనిన్ గ్రాహకాలకు కొంతవరకు అడ్డుపడతాయి. రక్తం పలచబడే మందులు వాడేవారూ, గర్భిణులూ డాక్టరును అడిగే శొంఠి మొదలుపెట్టాలి.

నిమ్మ వాసనకూ కొంత ఆధారం ఉంది. 2014లో ఇరాన్‌లో 100 మంది గర్భిణులపై చేసిన అధ్యయనంలో నిమ్మ నూనె వాసన చూసినవారికి వికారం తగ్గింది. బస్సులో అయితే ముందు సీటు, దూరాన కొండ అంచు మీద చూపు, తెరిచిన కిటికీ బాగా సాయపడతాయి.

వాంతులు మొదలయ్యాక అసలు భయం నీరు తగ్గిపోవడమే. లీటరు నీటిలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మేలు. అది దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. చెంచా అంటే టీ చెంచా, అంచు మట్టానికే. ఒక్కసారిగా గ్లాసుడు తాగితే మళ్లీ బయటికి వస్తుంది; కొద్ది నిమిషాలకోసారి ఒక్కో గుక్క చాలు. వాంతిలో రక్తం పడినా, తీవ్రమైన తలనొప్పి లేదా ఛాతీ నొప్పి తోడైనా, మూత్రం బాగా తగ్గినా, గర్భిణి కడుపులో గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.